ఉదయ్ కిరణ్ మరణం - ప్రజాస్పందన

తెలుగు సినిమా నటుడు ఉదయ్ కిరణ్ (జూన్ 26, 1980 - జనవరి 5, 2014) తన 33వ యేట హైదరాబాదులో ఆత్మహత్య చేసుకున్నాడు. చిత్రం, నువ్వు నేను, మనసంతా నువ్వే సినిమాలతో రెండేళ్ళ లోపే యువతరానికి అభిమాన నటుడైన ఇతని ఆకస్మిక మరణం తెలుగు ప్రజలలో విస్తృతమైన చర్చకు దారితీసింది. మొదట దిగ్భ్రాంతి, సంతాపం వ్యక్తమయ్యాయి. ఆ వెంటనే కారణాల అన్వేషణ, వదంతులు, సినీ పరిశ్రమపై విమర్శలు మొదలయ్యాయి. మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యల వార్తలను ప్రచురించే పద్ధతి వంటి విషయాలు చాలాకాలం తరువాత గాని ప్రధాన చర్చలోకి రాలేదు. ఈ వ్యాసంలో ఆ స్పందనల క్రమం, వాటి నేపథ్యం, ఇతర నటీనటుల అకాల మరణాల సందర్భంలో వచ్చిన స్పందనలతో పోలిక ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

ఉదయ్ కిరణ్ హైదరాబాదులో జన్మించాడు. సినిమా కుటుంబానికి చెందినవాడు కాదు. 2000 జూన్‌లో విడుదలైన చిత్రం సినిమాతో కథానాయకుడిగా పరిచయమయ్యాడు. ఉషాకిరణ్ మూవీస్ సంస్థ నిర్మించిన ఈ సినిమా తేజకు దర్శకుడిగా మొదటి సినిమా. ఆర్.పి.పట్నాయక్ సంగీతం సమకూర్చాడు. పేరున్న తారలు లేకుండా తక్కువ వ్యయంతో తీసిన ఈ సినిమా ఘనవిజయం సాధించింది.

2001 ఆగస్టులో తేజ దర్శకత్వంలోనే నువ్వు నేను విడుదలైంది. ఈ సినిమాలోని నటనకు ఉదయ్ కిరణ్ తెలుగులో ఉత్తమ నటుడిగా ఫిలింఫేర్ పురస్కారం అందుకున్నాడు. అప్పటికి అతని వయసు 21 సంవత్సరాలు. అదే సంవత్సరం అక్టోబరులో వి.ఎన్.ఆదిత్య దర్శకత్వంలో, ఎం.ఎస్.రాజు నిర్మాతగా మనసంతా నువ్వే విడుదలై విజయం పొందింది. వరుసగా మూడు విజయాలు రావడంతో పత్రికలు ఇతనిని "హ్యాట్రిక్ హీరో" అని పిలిచాయి. నువ్వు నేను, మనసంతా నువ్వే రెండూ హిందీలో పునర్నిర్మాణమయ్యాయి.

ఆ తరువాత 2002లో కలుసుకోవాలని, శ్రీరామ్, హోలీ, నీ స్నేహం, 2003లో నీకు నేను నాకు నువ్వు వచ్చాయి. వీటిలో కొన్నింటి పాటలు జనాదరణ పొందినా, తొలి మూడు చిత్రాల స్థాయి విజయం మళ్ళీ రాలేదు. 2005లో తేజ దర్శకత్వంలో ఔనన్నా కాదన్నా సినిమాలో నటించాడు. 2006లో కె.బాలచందర్ దర్శకత్వం వహించిన పొయ్ ద్వారా తమిళ చిత్రరంగంలో ప్రవేశించాడు. క్రమంగా తెలుగులో అవకాశాలు తగ్గాయి. 2012లో నువ్వెక్కడుంటే నేనక్కడుంటా, 2013లో జై శ్రీరామ్ విడుదలయ్యాయి. అతను జీవించి ఉండగా విడుదలైన చివరి సినిమా జై శ్రీరామ్. 2012 అక్టోబరులో అతని వివాహం జరిగింది.

మరణం, అంత్యక్రియలు

2014 జనవరి 5, ఆదివారం రాత్రి, హైదరాబాదు శ్రీనగర్ కాలనీలోని తన నివాసంలో ఉదయ్ కిరణ్ మరణించాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఈ వార్త దూరదర్శిని ఛానళ్ళ ద్వారా బయటకు వచ్చింది. సోమవారం ఉదయానికి రాష్ట్రమంతటా తెలిసింది. పోలీసులు కేసు నమోదు చేసి దీనిని ఆత్మహత్యగా పరిగణించారు.

జనవరి 7న అభిమానుల సందర్శనార్థం అతని భౌతికకాయాన్ని ఫిలింనగర్‌లోని ఫిల్మ్ చాంబర్ ఆవరణలో ఉంచారు. అనంతరం ఎర్రగడ్డ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి.

ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు శాసనసభ ముందు ఉన్నది. రాష్ట్ర విభజన ఒక్కటే ప్రధాన వార్తగా నడుస్తున్న ఆ రోజులలో కూడా ఒక నటుని మరణం వార్తా ఛానళ్ళలో ముఖ్య స్థానాన్ని ఆక్రమించడం గమనించదగినది. అదే నెలలో జనవరి 13న నటి అంజలీదేవి, జనవరి 22న అక్కినేని నాగేశ్వరరావు మరణించారు. వారిద్దరిదీ నిండు జీవితం. వారికి జరిగిన నివాళి ఒక యుగానికి పలికిన వీడ్కోలు వంటిది. ఉదయ్ కిరణ్ విషయంలో అటువంటి తృప్తికి తావు లేదు. అందుకే ఒకే నెలలో జరిగినా ఈ మరణాలపై వెలువడిన మాటల స్వరం వేరుగా ఉన్నది.

అభిమానుల స్పందన

2000-2001 నాటికి కళాశాలలలో చదువుతున్న తరం ఉదయ్ కిరణ్ సినిమాలకు ప్రధాన ప్రేక్షక వర్గం. ఆ సినిమాలలో అతను పోషించినవి ఎక్కువగా విద్యార్థి పాత్రలు, ప్రేమికుని పాత్రలు. అప్పటి ప్రేక్షకులు 2014 నాటికి ఉద్యోగాలలో, సంసారాలలో స్థిరపడ్డారు. వారికి ఈ మరణవార్త తమ చదువుకునే రోజులకు సంబంధించిన మనిషి పోయినట్లుగా తోచింది. సంతాప సందేశాలలో సినిమా కథల కంటే ఆ పాటలు విన్న రోజుల జ్ఞాపకాలే ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం.

ఈ సంతాపంలో మరొక భావం కూడా కలిసి ఉన్నది. మరణానికి ముందు కొన్ని సంవత్సరాలుగా అతని సినిమాలను ఎక్కువమంది చూడలేదు. కొన్ని సినిమాలు విడుదలైన సంగతి కూడా చాలామందికి తెలియలేదు. అభిమానించిన నటుడిని తామే మరచిపోయామన్న అపరాధ భావన చాలామంది మాటలలో వ్యక్తమైంది. మరణం తరువాత అతని తొలి చిత్రాలను మళ్ళీ చూడడం, పాటలను పంచుకోవడం పెరిగాయి. ప్రతి యేటా జూన్ 26న, జనవరి 5న అతనిని స్మరించుకోవడం అభిమానులలో ఒక ఆనవాయితీగా మారింది.

సినీ పరిశ్రమపై చర్చ

పలువురు నటీనటులు, దర్శకులు సంతాపం తెలిపారు. అతనితో పనిచేసినవారు అతని మృదుస్వభావాన్ని గుర్తు చేసుకున్నారు. అదే సమయంలో, బ్రతికి ఉన్నప్పుడు పరిశ్రమ అతనికి అండగా నిలవలేదన్న విమర్శ గట్టిగా వినిపించింది. అగ్రశ్రేణి నటులు తగినంతగా స్పందించలేదని కూడా కొందరు ఆక్షేపించారు.

ఈ చర్చలో ప్రధానంగా మూడు వాదనలు కనిపిస్తాయి.

* వారసత్వం: తెలుగు చిత్రరంగంలో కథానాయకులలో చాలామంది సినీ కుటుంబాలకు చెందినవారే. వరుసగా పరాజయాలు వచ్చినా అటువంటి నటులకు సొంత నిర్మాణ సంస్థలు, పంపిణీదారుల అండ, తరతరాల అభిమాన సంఘాలు ఉంటాయి. బయటినుండి వచ్చినవారికి ఆ రక్షణ ఉండదు అన్నది ఈ వాదన.

* విపణి: ప్రేక్షకులు ఆదరించనంత కాలం ఏ నిర్మాతా పెట్టుబడి పెట్టలేడు, పరిశ్రమ ఒక వ్యక్తి కాదు కాబట్టి దానిని దోషిగా నిలబెట్టడం సరికాదు అన్నది దీనికి ప్రతివాదన. సినీ కుటుంబాలనుండి వచ్చి నిలదొక్కుకోలేకపోయిన నటులు, ఏ అండా లేకుండా వచ్చి దశాబ్దాలు నిలిచిన నటులు కూడా ఉన్నారని ఈ వాదన చేసినవారు గుర్తు చేశారు.

* వ్యవస్థ: నటుడికి నెల జీతం ఉండదు. ఒక సినిమా ఆగిపోతే ఆదాయంతోపాటు గుర్తింపు కూడా ఆగిపోతుంది. 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వంటి సంఘాలు పేద కళాకారుల సంక్షేమాన్ని చూస్తాయి గాని, ఒకప్పుడు తారగా వెలిగిన వ్యక్తి సహాయం కోరడానికి వెనుకాడతాడు. పేరు ఉన్నందువల్లనే అతను తన కష్టాన్ని దాచుకోవలసి వస్తుంది అన్నది మూడవ వాదన.

మొదటి రెండు వాదనలు ఎక్కువగా చర్చకు వచ్చాయి. మూడవది తక్కువగా వినిపించింది. అయితే సినిమా రంగంతో సంబంధం లేని పాఠకులకు కూడా వర్తించేది ఈ మూడవ వాదనే. ఉద్యోగం పోయినవారు, పరీక్ష తప్పినవారు, అప్పుల పాలైన రైతులు కూడా పరువు కోసం తమ కష్టాన్ని ఇంట్లోనే దాచుకోవడం తెలుగు సమాజంలో తెలియని విషయం కాదు.

వదంతులు

మరణవార్త వెలువడిన కొద్ది గంటలలోనే కారణాలపై ఊహాగానాలు మొదలయ్యాయి. అవకాశాలు లేకపోవడం, ఆర్థిక ఇబ్బందులు, 2003లో జరిగిన నిశ్చితార్థం రద్దు కావడం, పలుకుబడి గలవారు అతనికి అవకాశాలు రాకుండా చేశారన్న ఆరోపణ వీటిలో ముఖ్యమైనవి. పలుకుబడి గలవారిపై చేసిన ఆరోపణలేవీ నిరూపణ కాలేదు. అయినప్పటికీ అవి ప్రచారంలో కొనసాగాయి. కుటుంబ సభ్యుల దుఃఖానికి ఈ ప్రచారం అదనపు భారమైంది.

ఆత్మహత్యకు ఒకే ఒక్క కారణాన్ని చూపడం సాధారణంగా సరికాదని మానసిక వైద్య నిపుణులు చెబుతారు. మానసిక అస్వస్థత, నష్టం, ఒంటరితనం, ఆర్థిక ఒత్తిడి, నిస్సహాయ భావన వంటివి అనేకం కలిసి పనిచేస్తాయి. పైగా ఇటువంటి సంక్షోభ స్థితి చాలామందిలో తాత్కాలికం. సకాలంలో సహాయం అందితే దానినుండి బయటపడవచ్చును. ఒక మరణానికి ఒక దోషిని వెదికే కథనం వినడానికి సంతృప్తికరంగా ఉంటుంది గాని, అదే స్థితిలో ఉన్న మరొకరికి ఏ దారీ చూపదు.

మాధ్యమాల తీరు

తెలుగులో 24 గంటల వార్తా ఛానళ్ళు విస్తరించిన తరువాత జరిగిన తారల మరణాలలో ఇది ఒకటి. నివాసం ముందునుండి ప్రత్యక్ష ప్రసారాలు, అతని సినిమాలలోని విషాద సన్నివేశాలను వార్తలతో కలిపి పదే పదే చూపడం, కుటుంబ సభ్యుల రోదనను దగ్గరగా చిత్రించడం విమర్శలకు గురయ్యాయి.

ఈ విమర్శలకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. ప్రముఖుల ఆత్మహత్యలను విపులంగా, ఆకర్షణీయంగా వర్ణించినప్పుడు సమాజంలో ఆత్మహత్యలు పెరగవచ్చునని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో ప్రతిపాదించాడు. జర్మన్ రచయిత గోథే నవలలోని పాత్ర పేరు మీదుగా దీనికి "వెర్తర్ ప్రభావం" అని పేరు పెట్టాడు. 2014 ఆగస్టులో హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ మరణించిన తరువాతి ఐదు నెలలలో అమెరికాలో ఆత్మహత్యలు అంచనా కంటే సుమారు 10 శాతం అధికంగా నమోదైనట్లు 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. 1994లో గాయకుడు కర్ట్ కొబేన్ మరణించినప్పుడు అతను నివసించిన సియాటిల్ ప్రాంతంలో ఆత్మహత్యలు పెరగలేదు. సహాయ కేంద్రాలకు వచ్చిన ఫోన్ పిలుపులు మాత్రం పెరిగాయి. అతని కళను, అతని మరణాన్ని వేరువేరుగా చూపడం, సహాయం ఎక్కడ దొరుకుతుందో ప్రజలకు వెంటనే తెలియజేయడం ఇందుకు దోహదపడి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. కష్టాన్ని అధిగమించినవారి కథలు ప్రచురించడం వలన మేలు కలుగుతుందన్న భావనకు 2010లో ఆస్ట్రియా పరిశోధకులు "పాపగెనో ప్రభావం" అని పేరు పెట్టారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలోనే పాత్రికేయులకు మార్గదర్శకాలు వెలువరించి, తరువాత పలుమార్లు సవరించింది. ఆత్మహత్య చేసుకున్న పద్ధతిని వర్ణించరాదు, వార్తను మొదటి పుటలో పతాక శీర్షికగా పెట్టరాదు, మరణాన్ని సమస్యకు పరిష్కారంగా చూపరాదు, సహాయ కేంద్రాల వివరాలు తప్పక ఇవ్వాలి అన్నవి వీటిలో ముఖ్యమైనవి. భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇటువంటి మార్గదర్శకాలను స్వీకరించింది. ఉదయ్ కిరణ్ మరణించిన నాటికి భారతదేశంలో ఈ విషయంపై అవగాహన తక్కువ.

ఇతర అకాల మరణాలతో పోలిక

యౌవనంలో మరణించిన తారల విషయంలో ప్రజల స్పందన మరణ కారణాన్ని బట్టి మారుతూ వచ్చింది.

* దివ్యభారతి: 1990లో బొబ్బిలి రాజాతో తెలుగు ప్రేక్షకులకు పరిచయమైన ఈమె 1993 ఏప్రిల్ 5న ముంబైలో తన నివాస భవనంపై నుండి పడి, 19వ యేట మరణించింది. ముంబై పోలీసులు 1998లో దీనిని ప్రమాదంగా తేల్చి దర్యాప్తు ముగించారు. అయినా అనుమానాలు, కథలు ఆగలేదు. అప్పటికి పూర్తికాని తొలిముద్దు సినిమాలో మిగిలిన సన్నివేశాలలో రంభ నటించింది.

* సౌందర్య: 2004 ఏప్రిల్ 17న, ఎన్నికల ప్రచారానికి బెంగుళూరు జక్కూరు విమానాశ్రయం నుండి కరీంనగర్ బయలుదేరిన చిన్న విమానం కొద్ది నిమిషాలలోనే కూలిపోయి, ఆమె, ఆమె సోదరుడు అమరనాథ్‌తో సహా అందులోని నలుగురూ మరణించారు. ఆమె మరణించిన కొద్ది నెలలకు కన్నడ చిత్రం ఆప్తమిత్ర విడుదలైంది. ప్రమాదం కావడంతో అప్పట్లో ప్రజలలో సానుభూతి తప్ప వివాదం అంతగా లేదు. అయితే 21 సంవత్సరాల తరువాత, 2025 మార్చిలో, ఆమెది హత్య అని ఆరోపిస్తూ ఖమ్మం జిల్లాలో ఒక వ్యక్తి ఫిర్యాదు చేశాడు. ఆమె భర్త ఆ ఆరోపణను ఖండించాడు.

* ఆర్తీ అగర్వాల్: నీ స్నేహం సినిమాలో ఉదయ్ కిరణ్ సరసన నటించిన ఈమె 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో, 31వ యేట మరణించింది. ఆమె మరణం తరువాత నటీమణుల శరీరాకృతిపై పరిశ్రమ, ప్రేక్షకులు కలిగించే ఒత్తిడి చర్చకు వచ్చింది.

* నందమూరి తారకరత్న: 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్ర సందర్భంగా గుండెపోటుకు గురై, ఫిబ్రవరి 18న బెంగుళూరులో 39వ యేట మరణించాడు. ఈ సందర్భంగా చిన్న వయసులో గుండెజబ్బుల గురించి మాధ్యమాలలో విస్తృతంగా చర్చ జరిగింది.

* పునీత్ రాజ్‌కుమార్: కన్నడ నటుడైన ఇతను 2021 అక్టోబరు 29న 46వ యేట గుండెపోటుతో మరణించాడు. అతని నేత్రాలను దానం చేయడంతో కర్ణాటకలో నేత్రదానానికి ముందుకు వచ్చేవారి సంఖ్య బాగా పెరిగింది. అభిమానుల దుఃఖం ఇతరులకు మేలు చేసే పనిగా మారిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

ఈ ఉదాహరణలను బట్టి చూస్తే, అనారోగ్యం వలన సంభవించిన మరణం తరువాత ప్రజలు ఆ వ్యాధి గురించి తెలుసుకోవడానికి ప్రయత్నించారు. ఆత్మహత్య జరిగినప్పుడు మాత్రం మానసిక అనారోగ్యం గురించి తెలుసుకోవడం కంటే బాధ్యులను వెదకడం ముందుకు వచ్చింది. మానసిక సమస్యను శారీరక వ్యాధితో సమానంగా చూడకపోవడమే ఈ తేడాకు ఒక కారణంగా చెప్పవచ్చును.

తరువాతి పరిణామాలు

2020 జూన్ 14న హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 34వ యేట ముంబైలో మరణించినప్పుడు తెలుగు ప్రజలు ఉదయ్ కిరణ్‌ను మళ్ళీ గుర్తు చేసుకున్నారు. సినీ కుటుంబానికి చెందనివాడు కావడం, చిన్న వయసు, అవకాశాల గురించిన చర్చ ఈ పోలికకు ఆధారాలు. ఆరేళ్ళ క్రితం తెలుగులో జరిగిన వాదోపవాదాలే జాతీయ స్థాయిలో, మరింత తీవ్రంగా పునరావృతమయ్యాయి.

చట్టపరంగా కొన్ని మార్పులు వచ్చాయి. 2014లో ఆత్మహత్యా ప్రయత్నం భారత శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద నేరం. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడికి లోనై ఉన్నాడని భావించాలి, అతనికి చికిత్స, సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించింది.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో, రోజంతా ఎప్పుడైనా మానసిక ఆరోగ్య సలహా పొందవచ్చును. తమ కోసమే కాక, తమకు తెలిసినవారి గురించి ఆందోళన ఉన్నవారు కూడా ఈ నంబరుకు ఫోను చేయవచ్చును. ఉదయ్ కిరణ్ మరణించిన నాటికి ఇటువంటి జాతీయ సేవ లేదు.

ఇవి కూడా చూడండి

* ఉదయ్ కిరణ్
* చిత్రం (సినిమా)
* నువ్వు నేను
* మనసంతా నువ్వే
* సౌందర్య
* దివ్యభారతి
* ఆర్తీ అగర్వాల్
* మానసిక ఆరోగ్యం